26 అంటే అన్నీ ఒకటే కాదు: సైకిల్ టైరు మీద ఉన్న నంబర్లు చదవడం ఎలా?

టైరు అరిగిపోయింది. పాత టైరు మీద 26 అని ఉంది. ఆన్‌లైన్‌లో 26 సైజు టైరుకు ఆర్డర్ పెట్టారు. నాలుగు రోజులకు పార్శిల్ వచ్చింది. పంక్చర్ షాపుకు తీసుకెళ్తే మిస్త్రీ ఆ టైరును రిమ్ముకు ఆనించి చూసి, "ఇది దీనికి రాదు భాయ్" అనేశాడు. "26 అనే కదా ఉంది?" అని అడిగితే, "అది వేరే 26, ఇది వేరే 26" అని జవాబు.

వినడానికి తమాషాగా ఉంటుంది కానీ మిస్త్రీ మాటలో తప్పేమీ లేదు. సైకిళ్ల ప్రపంచంలో 26 అని పిలిచే టైర్లు కనీసం నాలుగు రకాలున్నాయి. ఒక రకం టైరు మరో రకం రిమ్ముకు సరిపోదు. 20, 24, 28 సైజుల్లోనూ ఇదే గొడవ.

టైరు అసలు ఎక్కకపోతే పోయేది డబ్బు మాత్రమే. దానికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. సైజు కాస్త పెద్దదైన టైరు రిమ్ము మీద ఎక్కినట్టే కనిపిస్తుంది, గాలి కూడా పట్టుకుంటుంది, తర్వాత నడిరోడ్డు మీద ఊడిపోతుంది. ట్యూషన్‌కు వెళ్లే అమ్మాయి, తెల్లవారకముందే పేపర్లు వేసే కుర్రాడు, క్యారేజీ కట్టుకుని పనికి వెళ్లే పెద్దాయన, వీళ్లందరూ ఆ టైరునే నమ్ముకుని రోడ్డెక్కుతారు. అందుకే టైరు పక్కగోడ మీద ఉన్న నంబర్లు చదవడం ఒక్కసారి నేర్చుకుంటే మంచిది. పది నిమిషాల పని.

26 అనే కొలత ఎక్కడిది?

చాలామంది 26 అంటే రిమ్ము కొలత అనుకుంటారు. కాదు. మొదట్లో అది టైరుతో కలిపి మొత్తం చక్రం బయటి వ్యాసం, అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకు ఉన్న అడ్డుకొలత. జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నాక సైకిల్ టైర్లు రకరకాల మందాల్లో రావడం మొదలైంది. బయటి కొలత అదే ఉంచి టైరు మందం పెంచితే లోపలి రిమ్ము చిన్నది కావాలి. మందం తగ్గిస్తే రిమ్ము పెద్దది కావాలి. తికమక అంతా ఇక్కడే పుట్టింది.

లెక్క వేసి చూద్దాం. ఒక అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. 26 అంగుళాలు అంటే దాదాపు 660 మిల్లీమీటర్లు. ఇందులోంచి టైరు మందాన్ని రెండుసార్లు (పైన ఒకసారి, కింద ఒకసారి) తీసేస్తే, టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం వస్తుంది.

26 × 1⅜: మందం 35 మి.మీ. రెండు వైపులా 70. మిగిలేది 590.
26 × 1½: మందం 38 మి.మీ. రెండు వైపులా 76. మిగిలేది 584.
26 × 1¾: మందం 44.5 మి.మీ. రెండు వైపులా 89. మిగిలేది 571.
26 × 2 చుట్టుపక్కల ఉండే లావు టైరు: రెండు వైపులా సుమారు 101. మిగిలేది 559.

నాలుగింటి పేరూ 26. రిమ్ములు మాత్రం 590, 584, 571, 559. మిస్త్రీ చెప్పిన "వేరే 26" అంటే ఇదే.

తర్వాత తర్వాత ఈ లెక్క కూడా చెదిరిపోయింది. 559 రిమ్ముకే సన్న టైర్లు, లావు టైర్లు తయారుచేసి అన్నింటికీ 26 అనే పేరు పెట్టారు. కాబట్టి ఇవాళ 26 అన్న మాట కచ్చితంగా బయటి కొలతా కాదు, రిమ్ము కొలతా కాదు. అది వాడుక పేరు, అంతే.

1¾, 1.75: లెక్కలో సమానం, టైరులో కాదు

స్కూల్లో ఒకటీ ముప్పావు అన్నా, 1.75 అన్నా మార్కులు పడతాయి. టైరు కొనేటప్పుడు పడవు. పైన చూసినట్టు 26 × 1¾ అని భిన్నంలో ఉంటే అది 571 రిమ్ముకు. 26 × 1.75 అని చుక్క పెట్టి ఉంటే అది 559 రిమ్ముకు. రెండింటికీ 12 మిల్లీమీటర్ల తేడా. ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు.

గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం చిన్నదే. పాత టైరు మీద భిన్నం ఉంటే కొత్తదాని మీదా అదే భిన్నం ఉండాలి. చుక్క ఉంటే కొత్తదాని మీదా చుక్కే ఉండాలి. రెండూ కలిపేయొద్దు. పిల్లల సైకిళ్లకూ ఇదే వర్తిస్తుంది. 20 × 1.75 టైరు 406 రిమ్ముకు వస్తుంది, 20 × 1⅜ టైరు 451 రిమ్ముకు. ఇక్కడ తేడా 45 మిల్లీమీటర్లు. 24లో 1.75 రకానిది 507, 1⅜ రకానిది 540.

అసలు చూడాల్సిన నంబరు ఇది

ఇంత గందరగోళానికి పరిష్కారం టైరు మీదే ఉంది. చాలా టైర్ల పక్కగోడ మీద 37-590, 50-559, 40-635 లాంటి అంకెలు చిన్నగా ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. యూరప్ టైరు, రిమ్ము తయారీదారుల సంస్థ ఈటీఆర్‌టీఓ పద్ధతి ఇది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5775 కూడా దీన్నే అనుసరిస్తుంది.

చదవడం తేలిక. మొదటి రెండంకెల సంఖ్య టైరు వెడల్పు. గీత తర్వాత ఉన్న మూడంకెల సంఖ్య, టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. 37-590 అంటే 37 మి.మీ. వెడల్పున్న టైరు, 590 మి.మీ. రిమ్ముకు వస్తుందని అర్థం.

ఈ రెండింట్లో మూడంకెల సంఖ్య విషయంలో సర్దుబాటు అనేదే లేదు. 590 రిమ్ముకు 590 టైరే. 584 కాదు, 571 అసలే కాదు. రెండంకెల సంఖ్యలో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. 37 బదులు 40 వేయొచ్చా అనేది ఆలోచించి చెప్పాల్సిన మాట.

రిమ్ము మీద కూడా ఇలాగే ముద్ర ఉండొచ్చు. ఉదాహరణకు 622 × 19. ఇక్కడ 622 టైరుతో సరిగ్గా కలవాలి. 19 అనేది రిమ్ము లోపలి వెడల్పు. టైరు మీద 37 ఉండి, రిమ్ము మీద 19 ఉందని కంగారుపడొద్దు. అవి రెండూ వేర్వేరు వస్తువుల వెడల్పులు, సమానంగా ఉండనక్కర్లేదు.

ఒకే ఇంట్లో నాలుగు సైకిళ్లు

మన ఇళ్లలో కనిపించే సైకిళ్లతోనే దీన్ని అర్థం చేసుకోవచ్చు. దాదా వాడిన నల్ల సైకిల్ ఇంకా గోడకు ఆనించి ఉందనుకోండి. ముందు, వెనక కమ్మీ బ్రేకులతో ఎత్తుగా ఉండే ఆ సైకిల్ టైరు సాధారణంగా 28 × 1½. ఈటీఆర్‌టీఓ లెక్కలో 40-635. ఇంగ్లండ్ రోడ్‌స్టర్ సైకిళ్ల కొలత అది. మన దేశంలో పాలవాళ్లు, బట్టల మూటలు మోసేవాళ్లు దశాబ్దాల పాటు దీని మీదే బతికారు.

అమ్మాయి స్కూలుకు తీసుకెళ్లే లేడీస్ సైకిల్ చాలావరకు 26 × 1⅜, అంటే 37-590. కొన్నింటికి 26 × 1½ కూడా ఉంటుంది, అది 584.

అబ్బాయికి కొన్న గేర్ల సైకిల్ లావు టైర్లతో ఉంటే, పాత మోడల్‌కు 26 × 1.95 (50-559), కొత్తదానికి 27.5 × 2.10 (54-584) లేదా 29 సైజు (622) ఉండొచ్చు. చిన్నోడి సైకిల్‌కు 20 × 1.75 (47-406), ఇంకా చిన్నదైతే 16 × 1.75 (47-305).

ఇప్పుడు ఒక విచిత్రం చూడండి. అబ్బాయి 27.5 సైకిల్ రిమ్ము 584. అమ్మాయి 26 × 1⅜ సైకిల్ రిమ్ము 590. పేరులో పెద్దదైన 27.5కే చిన్న రిమ్ము! లావు టైరు వేశాక చక్రం బయటి కొలత పెరుగుతుంది కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. పేరు చూసి సైజు అంచనా వేస్తే ఎలా మోసపోతామో దీన్ని బట్టే తెలుస్తుంది.

28, 29, 700సీ సంగతేంటి?

ఫ్రాన్స్‌వాళ్లు అంగుళాలు వదిలేసి, బయటి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో రాసి, టైరు మందాన్ని అక్షరాలతో చెప్పేవాళ్లు. 700ఏ సన్నది, 700బీ అంతకన్నా లావు, 700సీ ఇంకా లావు. వీటి రిమ్ములు వరసగా 642, 635, 622. అంటే మన నల్ల సైకిల్ 28 × 1½, ఫ్రాన్స్ లెక్కలో 700బీ. రెండూ 635 కొలతే. అలాగే 26 × 1⅜ అంటే 650ఏ, 26 × 1½ అంటే 650బీ.

వీటిలో 700సీ ప్రపంచమంతా నిలిచిపోయింది. రేసింగ్ సైకిళ్లు, హైబ్రిడ్ సైకిళ్లు దాన్నే వాడతాయి. 29 అని పిలిచే కొండ సైకిళ్లదీ అదే 622 రిమ్ము. కొన్ని 622 టైర్ల మీద 28 అని కూడా ముద్రిస్తారు. ఇక్కడే నల్ల సైకిల్ ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలి. 28 అని ఉంది కదా అని 622 టైరు తెస్తే, 635 రిమ్ముకు అది ఎక్కదు. 13 మిల్లీమీటర్లు చిన్నది.

సులువుగా ఎక్కితే అనుమానించండి

టైరు లోపలి అంచులో గట్టి తీగ ఉంటుంది. దాన్ని బీడ్ అంటారు. కొన్ని ఖరీదైన టైర్లలో తీగ బదులు మడతపడే నార ఉంటుంది. ఏదైనా సరే అది సాగదు. గాలి కొట్టినప్పుడు ట్యూబు టైరును బయటికి తోస్తుంది. సాగని ఆ బీడే టైరును రిమ్ము మీద పట్టి ఉంచుతుంది. బెల్టు కొలతకు తగ్గట్టు ఉంటేనే ప్యాంటు నిలబడినట్టు, బీడ్ కొలత రిమ్ముకు సరిపోతేనే టైరు నిలబడుతుంది.

రిమ్ముకన్నా టైరు చిన్నదైతే ఎక్కదు. బలవంతం చేస్తే టైరు లివర్లు వంగుతాయి, ట్యూబు నలుగుతుంది, బీడ్ తెగుతుంది. విసుగు పుడుతుంది కానీ కనీసం అక్కడే ఆగిపోతాం.

రిమ్ముకన్నా టైరు పెద్దదైతేనే అసలు చిక్కు. 584 రిమ్ముకు 590 టైరు చేతులతోనే ఎక్కేస్తుంది. తేడా 6 మిల్లీమీటర్లే. పాత 27 × 1¼ టైరు (630) ఇప్పటి 700సీ రిమ్ముకు (622) కూడా అలాగే ఎక్కుతుంది. "ఎంత తేలిగ్గా పట్టిందో" అని సంతోషపడతాం. గాలి కొట్టేకొద్దీ టైరు ఒక పక్కకు జరుగుతుంది, ఎక్కడో ఒకచోట రిమ్ము దాటి బయటికి ఉబ్బుతుంది. ఆ సందులోంచి ట్యూబు బుడగలా వచ్చి పేలిపోతుంది. షాపులోనే పేలితే అదృష్టం. పేలకుండా రోడ్డెక్కితే, గుంతలో పడినప్పుడో మలుపు తిరిగినప్పుడో టైరు ఊడి ఫోర్కుకు చుట్టుకుంటుంది. ముందు చక్రం అలా ఒక్కసారిగా బిగుసుకుంటే మనిషి హ్యాండిల్ మీంచి ముందుకు పడతాడు.

కాబట్టి కొత్త టైరు మరీ వదులుగా, శ్రమే లేకుండా ఎక్కితే ఒక్క నిమిషం ఆగి మూడంకెల నంబరు మళ్లీ చూడండి. గాలి కొట్టాక చక్రాన్ని చేత్తో తిప్పండి. టైరు అంచుకు దగ్గర్లో చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. అది రిమ్ముకు అన్ని చోట్లా ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి ఉంటే టైరు సరిగ్గా కూర్చోలేదన్నమాట. గాలి తీసి మళ్లీ సర్దాలి.

వెడల్పు ఎంత మార్చొచ్చు?

మూడంకెల నంబరు కలిశాక, వెడల్పులో కొంత మార్పు చేసుకోవచ్చు. గుంతల రోడ్లకు కాస్త లావు టైరు హాయిగా ఉంటుంది. చాలాకాలంగా మెకానిక్‌లు పాటించే లెక్క ప్రకారం, టైరు వెడల్పు రిమ్ము లోపలి వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటే నిశ్చింత. 19 మి.మీ. రిమ్ముకు 28 నుంచి 38 వరకు బాగా కుదురుతాయి. అంతకన్నా లావువి కూడా కొన్ని పడతాయి. కానీ సన్న రిమ్ము మీద మరీ లావు టైరు వేస్తే మలుపుల్లో అటూ ఇటూ ఊగుతుంది. వెడల్పు రిమ్ము మీద మరీ సన్న టైరు వేస్తే గుంత తగలగానే రిమ్ము అంచు దెబ్బతింటుంది.

రిమ్ము ఒప్పుకున్నా సైకిల్ ఒప్పుకోవాలి కదా. ఫోర్కు, బ్రేకు, మడ్‌గార్డు, చైన్ పక్కనున్న ఫ్రేము గొట్టం, ఈ నాలుగు చోట్లా టైరుకు కనీసం అర సెంటీమీటరు ఖాళీ ఉండాలి. లేకపోతే వానాకాలంలో బురద పట్టి చక్రం ఆగిపోతుంది.

ట్యూబు, వాల్వు

ట్యూబు రబ్బరు సాగుతుంది కాబట్టి దానికి టైరు అంత పట్టింపు లేదు. అందుకే ట్యూబు డబ్బా మీద 26 × 1.75-2.125 అని ఒక శ్రేణి రాస్తారు. ఆ మధ్యలో ఉన్న టైరు వెడల్పులన్నింటికీ అది సరిపోతుంది. మరీ చిన్న ట్యూబును లాగి వేస్తే పలచబడి తొందరగా పంక్చర్ అవుతుంది. మరీ పెద్దది వేస్తే లోపల మడతపడి ఆ మడత దగ్గరే చిరుగుతుంది.

చాలామంది మరిచిపోయేది వాల్వు. నల్ల సైకిళ్లకు, చాలా మామూలు సైకిళ్లకు ఉండేది వుడ్స్ వాల్వు, డన్‌లప్ వాల్వు అని కూడా అంటారు. మోటార్ సైకిల్‌కు ఉండేలాంటిది ష్రేడర్. సన్నగా పొడవుగా, కొనకు చిన్న మర ఉండేది ప్రెస్టా. ప్రెస్టాకు రిమ్ము రంధ్రం 6.5 మి.మీ. ఉంటుంది, ష్రేడర్‌కు 8.5 మి.మీ. కావాలి. సన్న రంధ్రంలో లావు వాల్వు దూరదు. టైరు సరైనదే తెచ్చి, ట్యూబు వాల్వు దగ్గర ఆగిపోతే మళ్లీ బజారుకు ఇంకో తిరుగుడు.

గాలి ఎంత?

టైరు మీదే పీఎస్ఐ అంకెలు ఉంటాయి. కొన్నింటి మీద బార్‌లలో ఉంటుంది. ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ. కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఇస్తే వాటి మధ్యలో ఉండాలి. బరువు ఎక్కువైతే పై అంకె వైపు, తేలికైన పిల్లలైతే కింది అంకె వైపు. రిమ్ము మీద కూడా గరిష్ఠ అంకె ఉంటే రెండింట్లో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

పెట్రోల్ బంకులో లారీలకు, కార్లకు గాలి కొట్టే పైపుతో సైకిల్‌కు కొట్టించేటప్పుడు జాగ్రత్త. సైకిల్ టైరులో పట్టే గాలి చాలా కొద్ది. రెండు క్షణాలు ఎక్కువైతే పేలిపోతుంది. చేతి పంపే మేలు.

రిమ్ము మార్చాల్సి వస్తే, నంబరు చెరిగిపోతే

తుప్పు పట్టిన రిమ్ము మార్చేటప్పుడు వ్యాసం ఒక్కటే చూస్తే చాలదు. స్పోకుల రంధ్రాల సంఖ్య హబ్బుతో కలవాలి. నల్ల సైకిళ్లలో ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోకులు ఉండటం మామూలు. కమ్మీ బ్రేకుల సైకిల్‌లో బ్రేకు దిమ్మలు రిమ్మును లోపలి వైపు నుంచి, అంటే స్పోకులు ఉన్న దిశ నుంచి నొక్కుతాయి. కొత్త రకం బ్రేకులు రిమ్ము పక్కలను నొక్కుతాయి. ఒక రకానికి చేసిన రిమ్ము ఆకారం ఇంకో రకం బ్రేకుకు పనికిరాదు.

టైరు మీద అంకెలు పూర్తిగా అరిగిపోతే ముందు టైరు రెండో పక్క, తర్వాత రెండో చక్రం, ఆ తర్వాత రిమ్ము మీద ముద్ర చూడండి. ఎక్కడా దొరక్కపోతే టైరు తీసి రిమ్ము బయటి అంచు నుంచి అంచుకు కొలిచి, అందులోంచి సుమారు 12 మి.మీ. తగ్గించండి. 571 వస్తుందా, 559 వస్తుందా లాంటి పెద్ద తేడాలు దీంతో తేలతాయి. 584, 590 మధ్య తేడా తేల్చడానికి మాత్రం ఈ అంచనా చాలదు. అప్పుడు చక్రాన్నే ఊడదీసి షాపుకు తీసుకెళ్లడం మంచిది.

కొనే ముందు

ఇవాళే ఇంట్లో ఉన్న ప్రతి సైకిల్ టైరునూ తడిగుడ్డతో తుడిచి, పక్కగోడ మీద ఉన్న అంకెలను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వాల్వు ఫొటో కూడా తీసుకోండి. టైరు పంక్చరైన రోజు, పిల్లలు స్కూలుకు ఆలస్యమవుతున్న హడావిడిలో వెతుక్కునే పని ఉండదు. ఆన్‌లైన్‌లో కొంటే పేజీలో మూడంకెల నంబరు రాసి ఉందో లేదో చూడండి. రాయకపోతే అమ్మేవాళ్లను అడగండి. చెప్పలేకపోతే ఇంకో చోట కొనండి.

ఇక షాపుకు వెళ్లినప్పుడు "26 టైరు ఒకటివ్వండి భాయ్" అనకండి. "37-590 ఇవ్వండి" అనండి. ఆ టైరు మీద కూర్చుని వెళ్లేది మన పిల్లలే.